పేరున్న బొమ్మలు, పేరులేని బొమ్మలు: ఇంప్రెషనిస్టుల రూపచిత్రాల్లో అంతస్తు ఎక్కడ దాగింది?

గోడబొమ్మ

సభ్యులకు నమస్కారం. పోయిన నెల న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి వెళ్లినప్పుడు, పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ 1878లో వేసిన ‘మేడమ్ జార్జ్ షార్పాంతియే, ఆమె పిల్లలు’ అనే చిత్రం దగ్గర ఆగిపోయాను. ఆరడుగులు దాటిన వెడల్పు, ఐదడుగుల ఎత్తు ఉన్న కాన్వాసు అది. నల్లటి గౌనులో ఇంటి యజమానురాలు సోఫా మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంటుంది. నేలమీద నలుపూ తెలుపూ కలిసిన పెద్ద కుక్క పడుకుని ఉంటే, దాని వీపు మీద ఆరేళ్ల పాప తీరిగ్గా ఎక్కి కూర్చుంది. తల్లి పక్కన అదే రకం గౌనుతో, పొడుగు జుట్టుతో ఉన్న రెండో బిడ్డను చెల్లెలనుకున్నాను. తీరా చూస్తే అతడు మూడేళ్ల పాల్ అనే మగపిల్లవాడట. ఆ రోజుల్లో కలవారి ఇళ్లలో అంత చిన్న వయసు మగపిల్లలకు జుట్టు తీయించకుండా, ఆడపిల్లల బట్టలే వేయడం వాడుకట.

నా సందేహం ఇది. రెన్వార్, ఆయన తోటి ఇంప్రెషనిస్టులంటే రాజులనూ పతకాలనూ పాలరాతి స్తంభాలనూ పక్కకు నెట్టి, నదినీ వీధినీ రైలుపొగనూ బొమ్మ కట్టినవారని చిన్నప్పటినుంచి చదువుకున్నాం. ఈ చిత్రంలో మాత్రం డబ్బున్న ఇల్లు, ఆ ఇంటివారు అడిగి వేయించుకున్న బొమ్మ, ఖరీదైన బట్ట, జాతికుక్క అన్నీ ఉన్నాయి. స్తంభం ఉండవలసిన చోట వెదురు కుర్చీ ఉంది, అంతే తేడా. పాత కాలపు దివాణం పటాన్నే కొత్త కుంచెతో వేశారనుకోవాలా, లేక ఇందులో నిజంగా ఆధునికమైనది ఏదైనా ఉందా?

పాతపుస్తకం

గోడబొమ్మ గారూ, ఆ వెదురు కుర్చీని తేలిగ్గా తీసేయకండి, కీలకమంతా అక్కడే ఉంది.

దివాణం పటంలో స్తంభం, బరువైన తెర, ఛాతీ మీది పతకం చెప్పేది ఒక్కటే: ఈ మనిషికి ఈ అంతస్తు పుట్టుకతోనో రాజు దయతోనో వచ్చిందని. షార్పాంతియే కుటుంబానికి అటువంటి ఆధారం ఏదీ లేదు. జార్జ్ షార్పాంతియే పుస్తకాల ప్రచురణకర్త. ఫ్లోబేర్, జోలా, దోదే, మొపాసా వంటివారి రచనలు ఆయన సంస్థనుంచి వచ్చాయి. 1877లో జోలా రాసిన నవల, పారిస్ మురికివాడలో బట్టలుతికి బతికే ఒక స్త్రీ కథ, ఆ సంస్థకు విపరీతంగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడాదే ఈ చిత్రం. అంటే ఆ నల్ల గౌను వెనకనున్న సంపాదనలో ఒక చాకలి స్త్రీ కథకూ వాటా ఉందన్నమాట. ఇది ఎవరూ కావాలని పెట్టిన వ్యంగ్యం కాదు గాని, ఆ చిత్రం చూసినప్పుడల్లా నాకు గుర్తుకొస్తుంది.

ఇక ఆ గది సంగతి. 1867లో పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో జపాన్ పాల్గొన్నాక, అక్కడి తెరలూ విసనకర్రలూ అచ్చుబొమ్మలూ పారిస్‌లో అభిరుచికి గుర్తులయ్యాయి. మేడమ్ షార్పాంతియే తన గదిని జపాను పద్ధతిలో అలంకరించుకోవడంలో ‘నాకు ఆస్తి ఉంది’ అన్న మాటకంటే ‘నాకు ఏది కొత్తదో తెలుసు’ అన్న మాట గట్టిగా వినిపిస్తుంది. ఆమె ఇంటికి ఎవరెవరు వస్తారన్నదే ఆమె హోదా. రచయితలు, చిత్రకారులు, రాజకీయ నాయకులు ఆ గదిలో చేరేవారు. తాతతండ్రుల పేర్ల మీద కాక, అభిరుచి మీదా పరిచయాల మీదా నిలబడిన అంతస్తు ఇది. అది నిజంగా కొత్తదే.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఈ చిత్రం 1879 సలోన్‌లో, అంటే ప్రభుత్వ ఆదరణలో జరిగే పాత వార్షిక ప్రదర్శనలో, అందరికీ కనబడే మంచి చోట వేలాడింది. ఆ చోటు దొరకడంలో చిత్రకారుడి ప్రతిభతో పాటు చిత్రంలో కూర్చున్నామె పలుకుబడి కూడా పనిచేసింది. అదే సంవత్సరం ఆమె భర్త ప్రారంభించిన పత్రిక పేరు ‘ఆధునిక జీవితం’. ఆ పత్రికవారి చిన్న ప్రదర్శనశాలలో రెన్వార్ పాస్టెల్ చిత్రాలు కూడా పెట్టారు. పూర్వం రాజు చిత్రకారుడిని పోషించేవాడు. ఇక్కడ ప్రచురణకర్త చిత్రకారుడికి ప్రచారం కల్పిస్తున్నాడు.

నీలిమందు

మాది తరతరాలుగా బట్టల కొట్టు. అందుకని బొమ్మ చూసినా నా చూపు ముందు బట్ట మీదకే పోతుంది. ఆ కోణంలో నాలుగు మాటలు.

రెన్వార్ తండ్రి దర్జీ. తల్లి కూడా కుట్టుపని చేసినామె. లిమోజ్‌లో పుట్టి పారిస్‌లో పెరిగిన ఆ కుర్రవాడిని పదమూడేళ్లకే పింగాణీ పాత్రల మీద పూలు దిద్దే పనిలో పెట్టారు. అటువంటి చేతికి నల్ల సిల్కు మీద వెలుగు ఎలా జారుతుందో, అంచు దగ్గర తెల్ల లేసు ఎంతసేపు ఆగుతుందో ఎవరూ నేర్పనక్కరలేదు. మేడమ్ షార్పాంతియే గౌనును నిదానంగా చూడండి: అది ఒకే నలుపు కాదు, నీలం నీడలున్న నలుపు. గిరాకీ చేయి పెట్టి తడిమి చూసే బట్టను ఆయన కంటితోనే తడిమేలా వేశాడు. అంటే ఆ చిత్రంలో అంతస్తును కొలుస్తున్న కన్ను దర్జీ ఇంటి కన్ను. ధనవంతుల పక్కన కూర్చుని కాక, ధనవంతుల బట్టలు కుట్టిన ఇంట్లోంచి చూసిన చూపు.

దీని పక్కన మరో ఇంప్రెషనిస్టు మోనే 1868లో వేసిన మేడమ్ గోదిబేర్ చిత్రం పెట్టి చూడండి. అది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. ల ఆవ్ర్ రేవుపట్టణంలో ఒక వ్యాపారి తన భార్య బొమ్మ వేయించాడు. ఏడడుగులు దాటిన ఎత్తు. మనిషి దాదాపు నిలువెత్తుగా ఉంటుంది. కాని ఆమె ముఖం పక్కకు తిరిగిపోయి, చెంప అంచు మాత్రమే కనబడుతుంది. డబ్బిచ్చి బొమ్మ వేయించుకుంటే ముఖమే లేదు! ఉన్నదంతా మెరిసే గౌను, దాని కుచ్చెళ్లు, భుజం మీది శాలువా. ఆ వ్యాపారికి కోపం రాలేదంటే, భార్య గౌను కూడా తన పేరుప్రతిష్ఠలను ముఖమంత బాగానూ చెబుతుందని ఆయనకు తెలిసే ఉంటుందని నా ఊహ.

ఇప్పుడు అసలు చిక్కు. రెన్వార్‌దే 1874 నాటి ‘ఒపెరా బాక్సు’ చిత్రం లండన్‌లోని కోర్టాల్డ్ గ్యాలరీలో ఉంది. నలుపూ తెలుపూ చారల గౌను, మెడలో ముత్యాల వరసలు, చేతి తొడుగులు, ఒళ్లో బంగారురంగు దుర్భిణి. చూడగానే ఎవరో గొప్పింటి ఆడపడుచు అనిపిస్తుంది. నిజానికి ఆమె మోంమార్త్ర్ ప్రాంతపు మోడల్ నీనీ. వెనక కూర్చున్న మగమనిషి రెన్వార్ తమ్ముడు ఎద్మోం. ఇద్దరూ ఆ ఖరీదైన బాక్సుకు చెందినవారు కారు. అంతస్తు బట్టతో పాటు తొడుక్కుని, బొమ్మ పూర్తయ్యాక విప్పేశారు.

మా తాతగారి పెళ్లినాటి ఫోటో ఒకటి మా కొట్లో ఉంది. ఎడమ చేయి కావాలని ముందుకు పెట్టి, చేతిగడియారం కనబడేలా కూర్చున్నారు. ఆ గడియారం స్టూడియోవారిది! ఆయన తరవాత వచ్చిన పెళ్లికొడుకు కూడా అదే గడియారంతో దిగాడట. ఆ ఫోటో చూసిన ప్రతిసారీ నాకు నీనీ ముత్యాలు గుర్తుకొస్తాయి.

ఒక గమనిక చెప్పి ఆపుతాను. షార్పాంతియే గారి చిత్రానికి ఆమె పేరే శీర్షిక. నీనీ కూర్చున్న చిత్రానికి ఆమె కూర్చున్న చోటు శీర్షిక.

వెనకబెంచీ

నీలిమందు గారి గడియారం కథ బాగుంది గాని, ఇక్కడ రెండు వేర్వేరు సరుకులను ఒకే త్రాసులో వేస్తున్నారని నా అభ్యంతరం. ఒకరు డబ్బిచ్చి తమ రూపం వేయించుకుంటే అది రూపచిత్రం. చిత్రకారుడే డబ్బిచ్చి ఒకరిని కూర్చోబెట్టుకుంటే అది జీవనదృశ్యం. అందులో మోడల్ పేరు ఉండకపోవడం సహజం. నాటకంలో రాజు వేషం వేసినవాడి పేరుతో నాటకాన్ని పిలవం కదా. కాబట్టి పేరు ఉండటం, లేకపోవడం అనేది చిత్ర ప్రక్రియకు సంబంధించిన తేడా మాత్రమే. దానిలో అంతస్తును వెతకడం మన కాలపు అలవాటు.

పాతపుస్తకం

వెనకబెంచీ గారి విభజన పాఠ్యపుస్తకం ప్రకారం సరైనదే. అయితే ఈ చిత్రకారులు చెరపడానికి పూనుకున్న గీత సరిగ్గా అదే, అందుకే వారి దగ్గర ఆ విభజన నిలవదు.

ఉదాహరణకు, 1874లో జరిగిన మొదటి ఇంప్రెషనిస్టు ప్రదర్శనలోనే రెన్వార్ పెట్టిన మరో చిత్రం ‘పారిస్ స్త్రీ’, ఇప్పుడు కార్డిఫ్‌లో ఉంది. తలనుంచి కాలివరకూ నీలం దుస్తుల్లో నిలబడ్డ ఆ యువతి ఆంరియెత్ ఆంరియో అనే నటి. ముఖం ఆమెదే, చూపు ఆమెదే; ఎవరైనా గుర్తుపట్టగలరు. కాని శీర్షిక ఆమెను ఒక నగరపు నమూనాగా మార్చేసింది. ఇది రూపచిత్రమా, జీవనదృశ్యమా? చిత్రకారుడికే ఆ ప్రశ్న అక్కరలేదు. ఎందుకంటే ఆ కాలపు పారిస్‌లో వీధిలో నడిచివచ్చే స్త్రీని చూసి ఆమె ఎవరో, ఏ ఇంటిదో చెప్పడం జనానికే కష్టమైపోయింది. బోం మార్షే వంటి పెద్ద దుకాణాలు తయారు దుస్తులను నిర్ణీత ధరలకు అమ్ముతున్నాయి. 1856లో ఇంగ్లండ్‌లో పెర్కిన్ కృత్రిమంగా ఊదారంగు తయారుచేసిన తరవాత, ఒకప్పుడు కొద్దిమందికే అందిన రంగులు గుమాస్తా భార్యకూ అందాయి. బట్ట చూసి మనిషిని కొలిచే పాత కొలమానం పాడైపోయింది. రూపచిత్రానికీ జీవనదృశ్యానికీ మధ్య గీత చెరిగిపోవడం, వీధిలో అంతస్తుల మధ్య గీత చెరిగిపోవడం ఒకే కాలంలో జరిగాయి.

ఈ పరిస్థితికి మాటలు కూర్చినవాడు చిత్రకారుడు దెగాకు మిత్రుడు, విమర్శకుడు అయిన ద్యురాంతీ. 1876లో కొత్త చిత్రకళ గురించి అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఆయన చెప్పినదాని సారాంశం ఇది: మనిషి వీపు ఒక్కటి చూపించినా అందులోంచి ఆ మనిషి స్వభావం, వయసు, సామాజిక స్థితి బయటపడాలి. ముఖం, పతకం, స్తంభం అక్కరలేదు, వీపు చాలన్నాడు.

తైలవర్ణం

నేను బొమ్మలు నేర్పి బతికేవాణ్ణి. వీపు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

మా విద్యార్థులకు ఏటా ఒక అభ్యాసం ఇస్తాను: బస్టాండులో నిలబడ్డవారిని వెనకనుంచి మాత్రమే గీయండి, ఆ మనిషి ఏం పని చేస్తాడో నేను చెబుతాను. పదిలో ఆరేడు చెప్పగలను, తక్కినవి తప్పుతాను. ఆ పాఠాన్ని నేను నేర్చుకున్నది దెగా దగ్గర. 1879-80 ప్రాంతంలో ఆయన చెక్కిన రాగిరేకు ముద్రల్లో అమెరికన్ చిత్రకారిణి మేరీ కసాట్ లూవ్ర్ మ్యూజియంలో మనకు వీపు పెట్టి నిలబడి ఉంటుంది. ఒక చేయి చాచి మూసిన గొడుగును కర్రలా నేలకు ఆనించి, దాని మీద తన బరువంతా వేసి, నడుమును ఒక పక్కకు వదిలేసింది. ఆమె అక్క లిడియా కూర్చుని పుస్తకం చేతపట్టుకుని ఉంటుంది. ఆ గొడుగు మీద ఆనిన చేతిని జాగ్రత్తగా చూడండి. మగతోడు లేకుండా బయటకొచ్చి, బొమ్మల ముందు తన ఇష్టమొచ్చినంతసేపు నిలబడగల స్త్రీ ఆమె. పనివేళ మించిపోతుందన్న తొందర ఆ నడుములో లేదు. చదువు, తీరిక, డబ్బు, కొంచెం మొండితనం, ఇవన్నీ ఆ వంకర నిలువులోనే ఉన్నాయి. ముఖం చూపించి ఉంటే మనం ముక్కూ కళ్లూ చూసి ఆగిపోయేవాళ్లం.

మరో ఇంప్రెషనిస్టు కైబోత్ 1876లో వేసిన ‘కిటికీ దగ్గర యువకుడు’ కూడా వీపు బొమ్మే. జేబుల్లో చేతులు, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి కిందికి వీధిలోకి చూస్తున్న ఆ కుర్రవాడు చిత్రకారుడి తమ్ముడు రెనే. వెనక ఎర్రని కుర్చీ. పాత రూపచిత్రంలో యజమాని తన పొలాలను చూపిస్తూ నిలబడేవాడు. ఈ కుర్రవాడి ముందు ఉన్నది తనది కాని వీధి. అయినా ఆ నిలబడిన తీరులో ఇల్లు తనదన్న ధీమా ఉంది. రెనే ఆ సంవత్సరమే చనిపోయాడు. ఆ సంగతి తెలిశాక ఆ వీపును మళ్లీ మామూలుగా చూడలేం.

వెనకబెంచీ

నాకు కావలసిన సాక్ష్యం తైలవర్ణం గారే తెచ్చి ఇచ్చారు. కైబోత్ కుటుంబం సైన్యానికి పరుపులూ దుప్పట్లూ సరఫరా చేసి బాగా గడించిన కుటుంబం. అంత కలవారి బిడ్డకు కూడా శీర్షికలో పేరు లేదు, ‘యువకుడు’ అన్నారు. మరి పేరులేకపోవడం పేదవాడి వాటా అన్న వాదం ఏమైంది?

పాతపుస్తకం

చక్కని ప్రశ్న. కాని ఆ యువకుడు రెనే అని మనకెలా తెలిసింది? ఆ కుటుంబానికి ఇల్లుంది, పత్రాలున్నాయి, వారసులున్నారు, వాళ్ల గురించి రాసినవారున్నారు. శీర్షికలో పేరు పెట్టకపోయినా పేరు పోదు. అదే కైబోత్ 1875లో వేసిన ‘నేల చెక్కేవారు’ చిత్రాన్ని తీసుకోండి; సలోన్ దాన్ని తిరస్కరించింది. చొక్కాలు విప్పి, మోకాళ్ల మీద వంగి, చెక్కనేలను గీకుతున్న ఆ ముగ్గురి వీపులను రెనే వీపుకంటే శ్రద్ధగా వేశాడు. కండరాలూ చెమటా వెలుగూ అన్నీ ఉన్నాయి. వాళ్ల పేర్లు మాత్రం మనకు రాలేదు. పేరు చెప్పకుండా ఉండే వెసులుబాటు ఒకరిది, పేరు చెప్పుకునే చోటు లేకపోవడం ఇంకొకరిది.

చిత్రకారుడు మానే ఇంప్రెషనిస్టుల ప్రదర్శనల్లో ఎప్పుడూ పాల్గొనలేదు గాని, ఈ సందర్భంలో ఆయన్ని పిలవక తప్పదు. ఆయన వేసిన ‘ఒలింపియా’ చిత్రంలో పూలగుత్తి పట్టుకున్న నల్లజాతి స్త్రీ పేరు లోర్. మానే తన చిన్న పుస్తకంలో ఆమె పేరూ వీధీ రాసుకున్నాడు కాబట్టి ఆ పేరు మిగిలింది. ఆమెను ఒంటరిగా వేసిన చిత్రం ట్యూరిన్‌లో ఉంది. దాన్ని చాలాకాలం ఆమె జాతిని బట్టి పిలిచారు, ఇప్పుడు ‘లోర్ రూపచిత్రం’ అంటున్నారు. 2019లో ఓర్సే మ్యూజియంలో నల్లజాతి మోడళ్ల మీద జరిగిన ప్రదర్శనలో ఒలింపియానే ఆమె పేరుతో పిలిచారు. శీర్షిక చిత్ర ప్రక్రియకు సంబంధించిన సాంకేతిక విషయం మాత్రమే అయితే, నూటయాభై ఏళ్ల తరవాత దాన్ని మార్చవలసిన అవసరం ఎందుకొచ్చింది?

గోడబొమ్మ

చర్చ నేను అనుకున్నదానికంటే లోతుకు వెళ్లింది, సంతోషం. ఒక్క ప్రశ్న. ఇంతవరకూ చూసేవారు దాదాపు మగవారే. అదే ఇంటిలోపలినుంచి, ఆ తరగతి స్త్రీయే కుంచె పడితే పనివారి పేరు సంగతి ఏమవుతుంది?

నీలిమందు

దానికి ఇంప్రెషనిస్టుల్లోనే ఒకరైన బెర్త్ మోరిసో ఉంది. ఆమె పెద్దింటి ఆడపిల్ల కాబట్టి మానే, దెగాలలాగా కెఫేల్లో ఒంటరిగా కూర్చుని బొమ్మలు గీయడం కుదిరేది కాదు. గీయగలిగిందల్లా ఇల్లు, తోట, బాల్కనీ, అక్కచెల్లెళ్లు, పిల్లలు. 1875లో భర్త ఎజెన్ మానేను (చిత్రకారుడు మానే తమ్ముణ్ణి) కూడా అలాగే గీసింది: విహారానికి వెళ్లిన ఇంట్లో ఆయన కిటికీ దగ్గర కూర్చుని బయటకు తిరిగి చూస్తుంటాడు, బయట నడుస్తున్నది ఒక స్త్రీ, ఒక పిల్ల. సాధారణంగా కిటికీ లోపల ఆడది, బయట మగవాడు ఉండే బొమ్మను ఆమె తిరగేసింది.

ఆమె కూతురు జూలీ 1878లో పుట్టింది. 1880 నాటి చిత్రంలో పాలదాది ఆ పసిబిడ్డకు తోటలో పాలిస్తూ ఉంటుంది. తెల్లబట్టలు, ఆకుపచ్చ, గులాబీ అన్నీ కుంచె గీతల్లో కలిసిపోయి, దాది ముఖం ఎక్కడ ముగిసి తోట ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఆమె పేరు ఏంజెల్ అని నేటి జాబితాలు చెబుతాయి. ఇంటిపేరు లేదు, పనివారికి మిగిలే సగం పేరు అంతే. ఇటు ఒక స్త్రీ తన పాలను జీతానికి ఇస్తుంటే, అటు ఆ బిడ్డ తల్లి అదే వేళ కాన్వాసు మీద తన పని చేసుకుంటోంది. ఇద్దరిదీ పనే. కాని మోరిసో 1895లో చనిపోయినప్పుడు మరణపత్రంలో ఆమెకు ‘వృత్తి లేదు’ అని రాశారు. దాదికైతే కనీసం ఉద్యోగం పేరు ఉంది! కలవారి స్త్రీకి పని ఉండటమే ఆమె అంతస్తుకు తక్కువ అనుకున్నారు కాబోలు.

తైలవర్ణం

పని ప్రస్తావన వచ్చింది కాబట్టి, నా దృష్టిలో ఈ మొత్తం విషయానికి అత్యుత్తమ చిత్రాన్ని ముందుకు తెస్తాను: దెగా 1873లో వేసిన ‘న్యూ ఓర్లియన్స్‌లో పత్తి కార్యాలయం’. ఇది ఫ్రాన్సులో పో పట్టణపు మ్యూజియంలో ఉంది. 1878లో ఆ మ్యూజియం దీన్ని కొన్నది. ఇంప్రెషనిస్టుల్లో ఒకరి చిత్రాన్ని ఒక మ్యూజియం కొనడం అదే మొదటిసారి.

దెగా తల్లి కుటుంబం న్యూ ఓర్లియన్స్‌కు చెందినది. ముందు కూర్చుని, కళ్లద్దాలతో, గుప్పెడు పత్తిని వేళ్ల మధ్య సాగదీసి పీచు చూస్తున్న ముసలాయన దెగా మేనమామ మిషెల్ ముసాన్. పత్రిక విప్పుకుని కూర్చున్నది తమ్ముడు రెనే. ఎడమవైపు కిటికీకి ఆనుకుని, కాళ్లు అడ్డంగా వేసి, ఏ పనీ లేనట్టు నిలబడ్డది ఇంకొక తమ్ముడు ఆషిల్. కుడివైపు చొక్కా చేతులతో లెక్కల పుస్తకం మీద వంగినవాడు భాగస్వామి. మధ్యలో బల్ల మీద పరచిన పత్తి తెల్లగా మబ్బులా ఉంటుంది. పద్నాలుగు మంది మగవాళ్లు, ఎక్కువమంది నల్లకోట్లలో. ఎవరూ మనవైపు చూడరు, ఎవరూ బొమ్మకోసం కూర్చున్నట్టు ఉండరు.

ఇది కుటుంబ రూపచిత్రమే. కాని శీర్షిక కుటుంబాన్ని దాచి, కార్యాలయాన్ని చూపింది. దీన్ని ఇంగ్లండ్‌లోని మాంచెస్టరు నూలుమిల్లు యజమానులలో ఎవరికైనా అమ్మాలని దెగా ఆశపడ్డాడు. మామయ్య పేరు పెడితే వాళ్లెందుకు కొంటారు? మరో విషయం, ఆ చిత్రం వేసిన ఏడాదే ఆ మేనమామ సంస్థ మూతపడింది. పత్రిక చదువుతున్న తమ్ముడు, కిటికీకి ఆనుకున్న తమ్ముడు, ఆ తీరిక అంతస్తు తెచ్చిన తీరికో, వ్యాపారం ఆగిపోయిన తీరికో చిత్రం చెప్పదు. రెండింటికీ ఒకే భంగిమ సరిపోతుంది. స్తంభం పక్కన నిలబడిన రాజు విషయంలో ఈ అనుమానం రాదు. ఇది వ్యాపారుల కాలపు రూపచిత్రం. నేడున్నది రేపు ఉండకపోవచ్చునన్నది అందులోనే ఉంది.

నీలిమందు

ఆ గుప్పెడు పత్తి చూస్తే మా ఊళ్లో పత్తి కమీషన్ కొట్లు గుర్తొచ్చాయి. కొనేవాడు ఇప్పటికీ అలాగే వేళ్లతో సాగదీసి పీచు పొడవు చూస్తాడు. ఆ సాగదీతలో ధర ఉంటుంది, అధికారమూ ఉంటుంది. రైతు ఆ వేళ్లనే చూస్తూ నిలబడతాడు. దెగా చిత్రంలో ఎదురుగా నిలబడి చూసే ఆ మనిషి లేడు. బానిసత్వం రద్దయి పదేళ్లు కూడా కాని లూసియానాలో ఆ పత్తిని ఏరిన నల్లచేతులు ఆ గదిలోకి రాలేదు. బల్ల మీదికి పత్తి మాత్రం వచ్చింది.

వెనకబెంచీ

సరే, పేరు విషయంలో నా మాట కొంత వెనక్కి తీసుకుంటాను. పూర్తిగా కాదు. మీరంతా పేరు ఉండటాన్ని గౌరవమనే అనుకుంటున్నారు. రూపచిత్రంలో తన పేరు ఉండటం ఇష్టపడనివారు కూడా ఉంటారు కదా, డబ్బున్నవారిలోనే?

తైలవర్ణం

ఉన్నారు. ఇందాకటి గొడుగు మనిషే, మేరీ కసాట్. 1880ల ప్రారంభంలో దెగా ఆమె రూపచిత్రం ఒకటి వేశాడు. అది ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. కుర్చీ అంచున ముందుకు వంగి, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, చేతుల్లో పేకముక్కల్లాంటి చీటీలు పట్టుకుని ఉంటుంది. గొప్పింటి అమెరికన్ స్త్రీ కూర్చునే తీరు కాదది. ఏళ్ల తరవాత ఆమె దాన్ని అమ్మేయమని తన వ్యాపారికి రాస్తూ, కళాఖండంగా గుణాలున్నా తనను అసహ్యమైన మనిషిగా చూపిందనీ, తాను కూర్చున్నట్టు ఎవరికీ తెలియకూడదనీ అంది. నేటి శీర్షిక మాత్రం ‘మేరీ కసాట్’ అనే ఉంది.

అదే కసాట్ ఇతరుల విషయంలో ఏం చేసిందో చూడండి. ఆమె తల్లికి దగ్గరి బంధువైన మేరీ డికిన్సన్ రిడిల్ కుటుంబంవారు నీలం, తెలుపు, బంగారు గీతల చైనా పింగాణీ టీ సెట్టు బహుమతిగా ఇచ్చారు. దానికి బదులుగా కసాట్ 1883-85లో ఆమెను ఆ టీ సెట్టుతోనే కూర్చోబెట్టి బొమ్మ వేసింది. టీ కూజా పిడి పట్టుకున్న చేయి, మెడ చుట్టూ లేసు, పక్కకు పోయే కఠినమైన చూపు. అందులో వయసును దాచలేదు. కూతురికి ఆ బొమ్మలో తల్లి ముక్కు మరీ పెద్దదిగా కనబడి నచ్చలేదట. కసాట్ దాన్ని చాలా ఏళ్లు లోపల పెట్టేసి, 1923లో మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చింది.

టీ సెట్టును అంత నిజంగా వేసినందుకు ఎవరికీ అభ్యంతరం లేదు. ముక్కును కూడా అంతే నిజంగా వేసినప్పుడే వచ్చింది. అభిరుచిని చూపించే వస్తువుల్లో ఆధునికత అందరికీ కావాలి, ముఖం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పాత దివాణం పటమే కావాలి. గోడబొమ్మ గారి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. షార్పాంతియే చిత్రంలో కూడా గమనించండి: గది, గౌను, కుక్క బొచ్చు వదులు కుంచెతో ఉంటాయి గాని, తల్లీపిల్లల ముఖాల దగ్గర రెన్వార్ నున్నగా, జాగ్రత్తగా వేశాడు. సలోన్‌కు పంపే బొమ్మ కదా. డబ్బిచ్చినవారి ముక్కుతో ఆయన పేచీ పెట్టుకోలేదు.

గోడబొమ్మ

ఆ టీ బల్ల చిత్రం కూడా మెట్రోపాలిటన్‌లోనే ఉందన్నమాట! ఆ రోజు కాళ్లు నొప్పులు పుట్టి, కసాట్ గదిలోంచి సగం చూసి సగం చూడకుండా వచ్చేశాను. నీలం కప్పులు గుర్తున్నాయి గాని ముఖం గుర్తులేదు. వచ్చే శనివారం మళ్లీ వెళుతున్నాను. ముందు షార్పాంతియే గారి ముఖం దగ్గర కుంచె గీతలు కనబడతాయో లేదో వీలైనంత దగ్గరగా చూస్తాను, తరవాత రిడిల్ గారి ముక్కు చూసి వచ్చి, కూతురి మాటలో ఎంత నిజముందో ఇక్కడ రాస్తాను.